ప్రభువు బల్ల, కంచం పొత్తు

దేవుని స్వభావమే ప్రేమ అన్నది క్రైస్తవ విశ్వాసానికి మూలకందం. ప్రేమ కంటికి కనిపించే వస్తువు కాదు కనుక క్రైస్తవ సంప్రదాయం దానికి ఒక రూపం కల్పించింది. ఒక రొట్టెను విరిచి అందరికీ పంచటం, ఒక గిన్నెలోని ద్రాక్షారసాన్ని అందరూ పుచ్చుకోవటం ఆ రూపం. తెలుగునాట దీనికి అనేక నామాలున్నాయి. కథోలికులు దివ్యసత్ప్రసాదమంటారు. లూథరన్, సీఎస్ఐ సంఘాలవారు ప్రభు సంస్కారమంటారు. బాప్టిస్టులు ప్రభురాత్రి భోజనమనీ, బ్రదరన్ సహవాసాలవారు రొట్టె విరుచుట అనీ అంటారు. రొట్టె నిజంగా క్రీస్తు దేహంగా మారుతుందా, రొట్టెతో పాటు క్రీస్తు సన్నిహితుడై ఉంటాడా, అది ఆయన మరణానికి జ్ఞాపకచిహ్నం మాత్రమేనా అన్న విషయంపై ఈ శాఖల మధ్య శతాబ్దాల వివాదం ఉంది. ఒక విషయంలో మాత్రం అందరూ ఏకీభవిస్తారు. అక్కడ దేవుడు తనను తాను ఆహారంగా ఇచ్చుకుంటాడు. ఆ ఆహారం పుచ్చుకున్నవారందరూ ఒకే దేహమవుతారు.

ఈ మాటను కులసమాజం ఎలా విన్నది, ఎంతవరకు సహించింది, ఎక్కడ దారి మళ్లించింది అన్నది పరిశీలించటం నా ఉద్దేశం. ప్రభువు బల్లను భక్తునికీ భగవంతునికీ మధ్య ఏకాంత వ్యవహారంగా కుదించటం వల్ల దళిత క్రైస్తవులు ఇంటా బయటా నష్టపోయారు. సంఘంలో కులం ప్రశ్నించకుండా మిగిలిపోయింది. న్యాయస్థానంలో ఆ మౌనమే వారికి వ్యతిరేక సాక్ష్యమైంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు చరిత్ర ఈ రెండింటినీ అర్థం చేసుకోవటానికి ఉపకరిస్తుంది.

కొత్త నిబంధనలో ఈ భోజనానికి సంబంధించి వాడిన గ్రీకు మాట కొయినోనియా. పాలు పంచుకోవటం, భాగస్వామ్యం అని దాని భావం. తెలుగు బైబిలులో అది చాలాచోట్ల సహవాసమైంది. దీనికి దగ్గరగా వచ్చే అచ్చతెలుగు మాట పొత్తు. ఇవాళ పార్టీల మధ్య సీట్ల సర్దుబాటుకు ఆ మాటను వాడుతున్నాం గానీ, పాత తెలుగులో పొత్తున కుడవటమంటే ఒకే కంచంలో కలిసి తినటం. కంచం పొత్తు, మంచం పొత్తు అన్న నుడికారంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఎవరితో తినవచ్చు, ఎవరితో వియ్యమందవచ్చు అన్న రెండు నియమాలమీదే కులం నిలబడింది. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడన్న గాథ ఎనిమిది శతాబ్దాల తర్వాత కూడా మన నోళ్లలో నానుతున్నదంటే, కలిసి తినటం ఈ నేలమీద ఎంత అసాధారణమైన పనో ఊహించుకోవచ్చు.

మా అవ్వ పలమనేరు ప్రాంతంలో కూలిపని చేసి బతికింది. ఊళ్లో రైతుల ఇంటికి పోతే ఆమె చేతికి చెంబు ఇచ్చేవారు కాదు. వాకిట్లో వంగి దోసిలి పడితే ఎత్తు నుంచి నీళ్లు పోసేవారు. నెలకొక ఆదివారం మాత్రం ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకొని గుడికి పోయి, అయ్యగారు అందించిన గిన్నెను పెదవులకు ఆనించి తాగేది. ఆ గిన్నె ఎవరి పెదవులను తాకి తనవరకు వచ్చిందో, తన తర్వాత ఎవరి దగ్గరకు పోతుందో ఆమెకు తెలుసు. చదువు రాని మనిషి. వేదాంత చర్చలు ఆమె చెవిన పడలేదు. దేవుడు తన ఎంగిలిని రోయడన్నది ఆమెకు తెలిసిన వేదాంతం. ఎంగిలి, మైల, పంక్తి అనే మూడు మాటలతో అవమానించిన సమాజంలో ఒక మనిషికి ఆ గిన్నె ఏమి ఇచ్చిందో గ్రహించకుండా దళితులు క్రైస్తవాన్ని ఎందుకు స్వీకరించారని ప్రశ్నించటం అసంపూర్ణమైన విచారణ. గోధుమపిండికీ పాలపొడికీ అమ్ముడుపోయారన్న ఎత్తిపొడుపు ఈ గిన్నెను చూడనివారి మాట.

ఇది అవ్వ కల్పించుకున్న అర్థం కాదు. సువార్తల్లోని యేసుపై వచ్చిన ఆరోపణల్లో ముఖ్యమైనది ఆయన పంక్తిభేదం పాటించడన్నదే. సుంకరులతో, పాపులని ముద్రపడినవారితో కూర్చొని తింటున్నాడని ఆనాటి పెద్దలు ఆక్షేపించారు. యూదులు వెలిగా చూసిన సమరయ జాతి స్త్రీని ఆయన బావి దగ్గర నీళ్లడిగాడు. ఆమె నివ్వెరపోయింది. మన పల్లెల్లో బావి దగ్గర జరిగిన గొడవలు ఎరిగినవారికి ఆ నివ్వెరపాటు వేరే వివరించనక్కరలేదు. ఆయన తర్వాత అంతియొకయలో పేతురు యూదేతరులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే పంక్తి నుంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటా అతన్ని నిలదీశాడు. తొలి తరం క్రైస్తవంలో పెద్ద సంక్షోభం ఒకటి భోజనం దగ్గర తలెత్తిందన్న సంగతి గమనించదగ్గది.

కొరింథు సంఘంలో జరిగినది మనకు మరింత దగ్గరిది. అక్కడ ప్రభువు భోజనం నిజమైన భోజనంగానే ఉండేది. కలిగినవారు ముందే వచ్చి తిని తాగేవారు. పనులు ముగించుకొని ఆలస్యంగా వచ్చే పేదలకు ఆకలి మిగిలేది. లేనివారిని సిగ్గుపరిచే ఆ భోజనం ప్రభువు భోజనమే కాదని పౌలు ఖండించాడు. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినాలన్న ఆదేశం ఆ సందర్భంలోనిది. నేడు మన గుడుల్లో సంస్కారానికి ముందు ఈ భాగాన్ని తప్పక చదువుతారు. వారమంతా ఆడిన అబద్ధాలు, తాగిన సారా, చూసిన సినిమా గుర్తుచేసుకోమంటారు. పక్కవాణ్ణి కులం చేత చిన్నచూపు చూశావా అని అడిగే బోధకుడు అరుదు. పౌలు సామాజిక అవమానం గురించి రాసిన మాటలు వ్యక్తిగత శీలపరీక్షగా మారిపోయాయి.

ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే చిత్తూరు సీమకు రావాలి. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఫ్రెంచ్ జెస్విట్ గురువులు కర్ణాటక మిషన్ పేరిట పుంగనూరు వంటిచోట్ల పని ప్రారంభించారు. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నొబిలి చూపిన బాటలో వారు కాషాయం ధరించి, మాంసం మాని, బ్రాహ్మణ సన్యాసుల్లా జీవించారు. అగ్రకులాలను ఆకర్షించటం వారి వ్యూహం. దాని మూల్యం పల్లె చెల్లించింది. సన్యాసి వేషంలోని గురువు అంటరానివారి ఇంట అడుగుపెడితే అగ్రకులాల విశ్వాసులు దూరమవుతారన్న భయం పట్టుకుంది. మరణశయ్యపై ఉన్న పరయ విశ్వాసికి చివరి సంస్కారాలు ఇవ్వటానికి గురువు అతని గుడిసెలోకి వెళ్లాలా వద్దా అన్నది రోము వరకు పోయిన వివాదమైంది. పోపు ప్రతినిధిగా పుదుచ్చేరికి వచ్చిన టూర్నన్ 1704లో జారీ చేసిన ఆజ్ఞలో, గురువులు పరయల ఇళ్లకు వెళ్లి రోగులకు సంస్కారాలు ఇవ్వాలని స్పష్టంగా ఆదేశించాడు. జెస్విట్లు దీన్ని దశాబ్దాల పాటు ప్రతిఘటించారు. చివరకు 1744లో 14వ బెనెడిక్ట్ పోపు కాలంలో కుదిరిన పరిష్కారం ఏమిటంటే, పరయల కోసం ప్రత్యేకంగా వేరే గురువులను నియమించటం.

ఈ పరిష్కారాన్ని ఒక్క క్షణం ఆగి చూడాలి. మనుషుల కోసం దేవుడు దేహం ధరించి దిగివచ్చాడన్నది ఆ గురువుల బోధ. ఆ దేహాన్ని చేతబట్టుకొని ఊరి నుంచి పల్లెకు నడవటం మాత్రం నలభై ఏళ్ల వివాదమైంది. దేవుడు పరలోకం నుంచి భూమికి దిగిరావటం కంటే ఊరు దాటి పల్లెకు రావటమే కష్టమైంది. ఈ చిక్కు ఒక్క క్రైస్తవానిదే కాదు. తాళ్లపాక అన్నమాచార్యుడు 15వ శతాబ్దిలోనే పరమాత్మ ముందు హెచ్చుతగ్గులు లేవని తిరుమలేశుని సన్నిధిలో పాడినా, అదే స్వామి ఉత్సవమూర్తి దళితవాడలకు రావటానికి ఈ శతాబ్ది తొలి దశకంలో దళిత గోవిందం కార్యక్రమం వరకు ఆగవలసి వచ్చింది.

ప్రొటెస్టెంట్లు కొంత భిన్నంగా ప్రవర్తించారు. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో దక్షిణాది సంఘాలకు లేఖ రాస్తూ, కులభేదం పూర్తిగా విడిచి అందరూ కలిసి ప్రభువు బల్ల దగ్గరకు రావాలని శాసించాడు. తంజావూరులో, మద్రాసు వేపేరిలో వెళ్లాల క్రైస్తవులు అనేకులు సంఘాన్ని వదిలిపోయారు గానీ పరయలతో కలిసి గిన్నె అందుకోలేదు. 1850లో మద్రాసు మిషనరీల మహాసభ మరో అడుగు ముందుకు వేసింది. ఇతర కులాలవారితో కలిసి తిని, కులాన్ని విడిచామని రుజువు చేసుకోనివారికి సంఘంలో చోటులేదని తీర్మానించింది. లైప్‌జిగ్ లూథరన్ మిషన్ మాత్రం అంత కఠిన నియమం వద్దని విడిగా నిలిచింది. గిన్నెకంటే ముందు కంచాన్ని పరీక్షించాలన్న ఆనాటి ఎరుక నేటి సంఘాల్లో కానరాదు.

1853లో స్కడర్ సోదరులు ప్రారంభించిన ఆర్కాట్ మిషన్ చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో పనిచేసింది. 1865లో ఆగస్ట్ మిలియస్ సూళ్లూరుపేటలో మొదలుపెట్టిన జర్మన్ హెర్మన్స్‌బర్గ్ మిషన్ క్రమంగా శ్రీకాళహస్తి, తిరుపతి వైపు విస్తరించింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం దాని వారసత్వమే. ఈ మిషన్లలోకి వచ్చినవారిలో అత్యధికులు దళితులు. అగ్రకులాలు రాకపోవటంతో బల్ల దగ్గర ఎదురెదురు పడవలసినవారే లేకుండాపోయారు. సమస్య తీరినట్లు కనిపించింది. నిజానికి అది రూపం మార్చుకుంది. మనుషులు విడివిడిగా గాక కులసమూహాలుగా మతం మారారు. మిషన్లు ప్రాంతాలను పంచుకున్నాయి. కడప వైపు లండన్ మిషన్ సంఘాల్లో మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువయ్యారు. ఊరి అవతల మళ్లీ రెండు పల్లెలు, రెండు గుడులు, రెండు గిన్నెలు ఏర్పడ్డాయి. వర్గీకరణ ఉద్యమం పుట్టిన 1994 తర్వాత మాల మాదిగల నడుమ పెరిగిన దూరం సంఘ ఎన్నికల్లో, పాస్టర్ల బదిలీల్లో, ఆస్తుల తగాదాల్లో కనిపిస్తూనే ఉంది. వర్గీకరణ న్యాయాన్యాయాలు వేరే చర్చ. పంపకం న్యాయంగా జరగాలని అడిగినందుకు బల్ల దగ్గర ముఖం తిప్పుకోవటాన్ని మాత్రం ఏ వేదాంతమూ సమర్థించదు.

ఇక అగ్రకుల క్రైస్తవుల సంగతి. గుంటూరు సీమలోని రెడ్డి కథోలికుల చరిత్ర రాయలసీమలోని ఆ కర్ణాటక మిషన్‌తో ముడిపడి ఉంది. దివ్యపూజలో ఒకే వరుసలో నిలబడి సత్ప్రసాదం అందుకునేవారే పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మతం పక్కన కులం పేరు మరువకుండా రాస్తారు. కంచం పొత్తు ఆదివారం కొన్ని నిమిషాలు సాగుతుంది. మంచం పొత్తు దగ్గర కులం తన పూర్తి అధికారంతో కూర్చుంటుంది. అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన గ్రంథంలో సహపంక్తి భోజనాలు చాలవని, వర్ణాంతర వివాహాలే అసలు మందని వాదించాడు. ఆ వాదన హిందూ సంస్కర్తలను ఉద్దేశించినది. నేటి తెలుగు క్రైస్తవ సంఘం కూడా దానికి జవాబుదారీ.

తరగతి గదిలో ఈ చర్చ వచ్చినప్పుడు తిరుమల ఉదాహరణ చెబుతుంటాను. 1985లో మొదలైన నిత్యాన్నదానం నేడు తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న అన్నప్రసాద భవనంలో సాగుతోంది. వేలాదిమంది పంక్తుల్లో కూర్చొని తింటారు. పక్కవారి కులం ఎవరూ అడగరు. అపరిచితుల నడుమ సమానత్వం సులువు. కొండ దిగి సొంత ఊరు చేరాక, ఒకరి గోత్రం ఒకరికి తెలిసినచోట అదే పంక్తి నిలుస్తుందా అన్నది పరీక్ష. ప్రభువు బల్ల ఈ పరీక్షను తప్పించుకోలేదు. అది పొరుగువారి బల్ల. ప్రతివారం అవే ముఖాలు, అవే ఇంటిపేర్లు.

చాలా సంఘాల్లో ఇప్పుడు ఒకే గిన్నె స్థానంలో చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. 1890ల అమెరికాలో అంటురోగాల భయంతో మొదలైన ఈ పద్ధతి ఆరోగ్యరీత్యా సమంజసమే. కోవిడ్ దాన్ని మరింత ఖాయం చేసింది. అయితే విడిగ్లాసుకు మన నేలమీద వేరే చరిత్ర ఉంది. టీ బంకుల్లో దళితులకు వేరు గ్లాసు పెట్టిన చరిత్ర అది. గిన్నె మారినందుకు ఆక్షేపణ లేదు. గిన్నె చెప్పిన ఎంగిలి మాట ఎక్కడికి పోయిందన్నది అడగవలసిన ప్రశ్న.

రాజ్యం ఈ కథలోకి ప్రవేశించేది ఇక్కడే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవానికి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. క్రైస్తవంలో కులం లేదు గదా అన్నది దీనికి చెప్పే కారణం. చెన్నైలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆది ద్రావిడునికి, క్రైస్తవుడన్న కారణంతో, చర్మకారులకు ప్రభుత్వమిచ్చే బంకు నిరాకరించారు. అదే 1985 నాటి సూసై కేసు. మతం మారాక కులం మిగిలిందని చూపితే చాలదని, కులం వల్ల కలిగే అశక్తతలు కొత్త మతంలోనూ అంత తీవ్రంగా కొనసాగుతున్నాయని నిరూపించాలని సుప్రీంకోర్టు అన్నది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టకుండా హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని తీర్పునిచ్చింది.

కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో నరికినవారు బాధితులను బాప్తిస్మం పొందారా అని అడగలేదు. చంపేటప్పుడు చూసిన కులం చట్టం ముందుకు వచ్చేసరికి మాయమైపోతున్నది. ఈ మాయకు రాజ్యమొక్కటే కారణమని నేననుకోను. మా సంఘంలో కులం లేదని వేదికలెక్కి చెప్పే నాయకులు, బల్ల దగ్గర పలికిన ఆదర్శాన్ని వాస్తవమని చాటుకున్నారు. రాజ్యం ఆ మాటనే పట్టుకొని హక్కును కాదన్నది. సంఘం కులాన్ని దాచిపెట్టిన ప్రతిసారీ సూసై కేసు అడిగిన సాక్ష్యాన్ని తన చేతులతోనే చెరిపేసింది. అందుకు భిన్నంగా 2016లో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య తన దళిత సాధికారత విధానంలో, సంఘంలో అంటరానితనం ఉన్నదని బాహాటంగా అంగీకరించింది. కడప మేత్రాసనంలో గురువుగా జీవితం ప్రారంభించిన పూల ఆంథోనీ 2022లో తొలి దళిత కార్డినల్ కావటం సంతోషదాయకం. ఒక్కరు పైమెట్టు ఎక్కినందున కింది పంక్తి సరిపోయిందని అనుకోవటం పొరపాటు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. ఆరాధనలోకి రాజకీయం తేవద్దని విశ్వాసులు కొందరంటారు. పుంగనూరు గురువులు గుడిసె గుమ్మం దగ్గర ఆగిపోయినప్పుడు రాజకీయం లోపలే ఉంది. ఆరాధన కులాన్ని పాటించినంతకాలం దాన్ని ప్రశ్నించటం ఆరాధనలో భాగమే. రెండో అభ్యంతరం మతమార్పిడిని వ్యతిరేకించేవారిది. కులం పోనప్పుడు మారటమెందుకు, మారాక రిజర్వేషన్ అడగటమెందుకు అంటారు. కులం ఉండకూడదని ప్రభువు బల్ల చెబుతుంది. కులం లేదని అది ఎన్నడూ చెప్పలేదు. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. రద్దయింది గనుక అట్రాసిటీ చట్టం అక్కరలేదని ఎవరూ వాదించరు. ఆదర్శం ప్రకటించినవారికే దాని ఉల్లంఘనను గుర్తించే బాధ్యత ఎక్కువ.

దళిత అన్న మాటకు విరిగినది, చీలినది అని అర్థం. బల్లమీది రొట్టె కూడా విరిగినదే. 1980ల నుంచి రూపుదిద్దుకున్న దళిత వేదాంతం ఈ రెండింటినీ కలిపి చూడమంటుంది. విరిగిన దేహంలో దేవుణ్ణి చూసినవారు ఊరి అవతల విరిచిపడేసిన దేహాలను చూడకుండా ఉండలేరు. దైవప్రేమను అలా అర్థం చేసుకుంటే సంఘం చేయవలసిన పనులు కష్టమైనవే గానీ తెలియనివి కావు. సంస్కారానికి ముందు జరిగే ఆత్మపరీక్షలో కులం పేరు పలకాలి. గుడిలో జరిగే ప్రేమవిందు ఇళ్లలోకి పోవాలి; మాలపల్లె విశ్వాసి మాదిగపల్లెలో, రెడ్డి విశ్వాసి ఈ రెండు పల్లెల్లోనూ కూర్చొని తినాలి. కులాంతర వివాహం చేసుకున్న యువజంటకు మొదట అండగా నిలిచేది పాస్టరు కావాలి. శ్మశానాల్లో కులాల గీతలు ఉన్నచోట వాటిని చెరపాలి. సంఘంలో కులవివక్ష జరిగినచోట దాన్ని నమోదు చేసి కమిషన్ల ముందు, కోర్టుల ముందు సిగ్గుపడకుండా పెట్టాలి.

వచ్చే ఆదివారం మన జిల్లాల్లోని ఎన్నో గుడుల్లో రొట్టె విరుస్తారు. తిన్నాక ఎవరింటికి ఎవరు పోతారో, ఎవరి చేతి మంచినీళ్లు ఎవరు తాగుతారో చూస్తే ఆ రొట్టె అర్థం తెలుస్తుంది.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు, తిరుపతి)